ఏడు పాయల నక్షా

ఆ రోజుల్లో, అంటే రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజుల్లో, ఇరవై ఏళ్ళు నిండిన ప్రతి కుర్రవాడికీ లోకాన్ని తానొక్కడే బాగుచేయగలనన్న నమ్మకం ఉండేది. (ఇప్పటి కుర్రవాళ్ళకు లేదని కాదు. వాళ్ళ సంగతి వాళ్ళు ముసలివాళ్ళయ్యాక రాసుకుంటారు.) నాకు ఆ నమ్మకం మరీ ముదిరింది, ఎందుకంటే నాకు ఉద్యోగం కూడా ఉంది. ధవళేశ్వరం కాలువల ఆఫీసులో నేను ట్రేసరుని. ట్రేసరంటే పెద్ద పదవేమీ కాదు. పైవాళ్ళు గీసిన నక్షా మీద పల్చటి ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల మీదే మళ్ళీ గీతలు గీయడం. ఒకరి తెలివిని మక్కికి మక్కి దించడం అన్నమాట. అయినా పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆనకట్టనీ కాలువల్నీ పిల్లకాలువల్నీ గీసి గీసి, గోదావరంతా నా కలం మొన మీది నుంచే పారుతోందన్న భ్రమ ఒకటి నన్ను పట్టుకుంది. ఆ భ్రమ వల్ల నష్టపోయింది నేను కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు లాకులకు దగ్గర్లోనే ఉండేది. ఇంటి పెద్ద మా పెదనాన్నగారు. ఆయన వాదనలో ఓడిపోగా చూసినవాళ్ళు లేరు, గెలవగా చూసినవాళ్ళూ లేరు, ఎందుకంటే ఆయన వాదన ముగియగా చూసినవాళ్ళే లేరు. మడి గురించి ఎత్తుకున్నారంటే ధర్మశాస్త్రాల మీదుగా మన్యం జ్వరాలకు వెళ్ళి, అక్కణ్ణుంచి దొరలు వేసే టోపీలకు మళ్ళి, చివరికి తన పెళ్ళిలో అత్తవారు వడ్డించిన ఉప్పులేని పప్పు దగ్గర తేలేవారు. బయలుదేరిన చోటికి తిరిగి రావడం ఆయన జాతకంలో లేదు. మా నాన్నగారు బళ్ళో పంతులు. బళ్ళో అరవై మందిని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, ఇంటికి వచ్చాక అన్నగారి ముందు "అవునన్నయ్యా" తప్ప రెండో మాట ఎరుగరు. ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరు, పెద్దమ్మా అత్తయ్యా. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది అత్తయ్యే. ఆవిడ పెదనాన్నగారికి చెల్లెలు, నాన్నగారికి అక్క. ఎనిమిదో ఏట పెళ్ళీ పదకొండో ఏట వైధవ్యమూ అయిపోయి పుట్టింటికి తిరిగి వచ్చింది, ఆ వచ్చినావిడ మళ్ళీ ధవళేశ్వరం పొలిమేర దాటలేదు. పొద్దున్నే గోదావరి స్నానం, తడిబట్టలతో మడి వంట, మా ఆవు పాలు పితకడం, నా జ్వరాలకు కషాయం కాయడం. నలభై అయిదేళ్ళు వచ్చేసరికి ఆవిడ చూసిన లోకం ఇంటికీ రేవుకీ మధ్య ఉన్నంత.

అత్తయ్యకు ఉన్న కోరిక ఒక్కటే. మన వైపు వాళ్ళందరికీ తెలిసిందే, గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో మొదలుపెట్టి, ఒక్కొక్క పాయా సముద్రంలో కలిసే చోట స్నానం చేసుకుంటూ, మాఘమాసంలో భీష్మ ఏకాదశినాటికి అంతర్వేది చేరితే సప్తసాగర యాత్ర పూర్తయినట్టు. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, మేమంతా తీర్థాల పిన్ని అనేవాళ్ళం. ఏటా ఇరవై మంది ఆడవాళ్ళను పోగేసి పడవ మాట్లాడి ఈ యాత్రకు తీసుకెళ్ళేది. ఏటా ఆ అమావాస్య రెండు రోజుల్లో ఉందనగా అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, తలుపు చెక్కను గోటితో గీరుతూ, "ఈ ఏడైనా పిన్నితో వెళ్ళొస్తాను అన్నయ్యా," అనేది. అంతే, పెదనాన్నగారు అందుకునేవారు. మడితో మొదలయ్యేది. మూడు రోజులకు ఉప్పులేని పప్పు దగ్గరికి చేరేది. ఈలోగా అమావాస్య వెళ్ళిపోయేది, పడవా వెళ్ళిపోయేది. వద్దని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే," అనేది అత్తయ్య. ఆ మాట నా ఎరుకలోనే పదిహేనుసార్లు విన్నాను.

ఇలా ఉండగా ఒకనాడు మా ఆఫీసు వసారాలో ఒక వింత చూశాను. కడియం వైపు నుంచి రెండూళ్ళ రైతులు వచ్చి నీళ్ళ వంతు కోసం కేకలు. ఎవరి మాట ఎవరికీ వినిపించడంలేదు. మా హెడ్డు డ్రాఫ్ట్స్‌మన్‌గారు, ఆయన చెవిలో ఎప్పుడూ పెన్సిలూ చేతిలో కంపాసూ ఉండేవి కాబట్టి మేం కంపాసు తాతగారు అనుకునేవాళ్ళం, సుద్దముక్క పట్టుకుని బయటికి వచ్చారు. "ఏమయ్యా, అరవకండి. మీరు చెప్పండి, నేను గీస్తాను," అని గచ్చు మీద కూర్చున్నారు. ఒకడు ఒక మాట చెబితే ఒక గీత, ఇంకొకడు దానికి అడ్డం చెబితే దాని మీద అడ్డగీత. చూస్తుండగానే అరుపులు తగ్గాయి. రెండూళ్ళవాళ్ళూ వంగి గచ్చుకేసి చూస్తున్నారు. ఒక ముసలి రైతు వేలు పెట్టి, "అయితే మా గొడవంతా ఈ ఒక్క తూము దగ్గరేనాండీ?" అన్నాడు. అంతే, తూము మాట తేల్చుకుని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు పులకరించింది. నోటి మాట గాలిలో కలిసిపోతుంది, గీస్తే కంటి ముందు నిలబడుతుంది! మా ఇంటి వాదనను కూడా కాలువలాగా గీసి పెదనాన్నగారి ముందు పరిస్తే? ఉప్పులేని పప్పుకు అందులో చోటెక్కడుంది? అత్తయ్యను నేనే యాత్రకు పంపబోతున్నానని ఆ క్షణాన తీర్మానించేసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉందని చెప్పేవాళ్ళెవరూ పక్కన లేకపోయారు.

ఆ రాత్రి నుంచీ వాదనలు పోగుచేయడం మొదలుపెట్టాను. అన్నిటికన్నా ముందు అత్తయ్యనే అడిగాను. ఆవిడ పెరట్లో ఆవుకు కుడితి పెడుతోంది. "అత్తయ్యా, యాత్రకు ఎందుకు వెళ్ళాలంటావు? కారణాలు చెప్పు, రాసుకుంటాను," అన్నాను కాగితం పట్టుకుని, పెద్ద దొరలాగా.

"కారణాలేంటి నాయనా? వెళ్ళాలనుంది."

"అది కారణం కాదు. ఇంకా?"

ఆవు మెడ నిమిరింది. "రోజూ ఈ నీళ్ళలో మునుగుతాను కదా. ఇవి పోయి పోయి చివరికి ఏమవుతాయో ఒక్కసారి కళ్ళారా చూడాలి. అంతే."

"సముద్రంలో కలుస్తాయి. అది నీకు తెలుసు కదా?"

"తెలుసనుకో," అంది, కొంచెం సిగ్గుపడి. "చూళ్ళేదుగా."

నేను కాగితం మీద "పుణ్యం" అని రాసుకున్నాను. కింద "తీర్థాల పిన్ని తోడు ఉంది" అని రాసుకున్నాను. ఆవిడ చెప్పినదాన్ని మాత్రం రాసుకోలేదు. అది వట్టి కోరిక, కోరికలు వాదనలు కావు కదా! (ఈ వాక్యం ఇప్పుడు రాస్తుంటే నాకు చెయ్యి ఆగిపోతోంది. అప్పుడు ఆగి ఉంటే బాగుండేది.)

ఇక అవతలి పక్షం. పెదనాన్నగారి మూడు రోజుల ప్రసంగాన్ని చేటలో పోసి చెరిగితే, నిజంగా గట్టిగా ఉన్నవి నాలుగే గింజలు తేలాయి. పడవలో మడి నిలవదు. సముద్రపు పోటుకు పడవలు తలకిందులవుతాయి. మగతోడు లేకుండా పంపితే లోకం నవ్వుతుంది. గుమ్మం ముందు గోదావరి ఉండగా ఇంకో చోటికి పోవడమేమిటి. అయిదోది నాన్నగారిది, అదీ గొంతు తగ్గించి చెప్పారు: "అక్కకి చలికి దగ్గొస్తుందిరా." మొత్తం అయిదు.

ఆఫీసులో ఎవరూ చూడకుండా ఒక మిగులు ట్రేసింగు గుడ్డ తీసి, మూడు రోజులు భోజనాల వేళల్లో గీశాను. పైన ఆనకట్ట, దాని మీద అందమైన అక్షరాలతో "సప్తసాగర యాత్రకు వెళ్ళుట." కుడివైపు నీలిసిరాతో వెళ్ళాలనే కాలువలు, రెండు. ఎడమవైపు ఎర్రసిరాతో వెళ్ళకూడదనే కాలువలు, అయిదు. ఒక్కొక్కటీ వంకలు తిరిగి కింది అంచుదాకా వచ్చి, చివర దాని పేరు. గీసి దూరం నుంచి చూసుకుంటే ప్రాణం లేచివచ్చింది. కాని ఎర్రవైపు చివర్లో రెండు వేళ్ళ వెడల్పున ఖాళీ మిగిలింది. నక్షాలో ఖాళీ ఉంటే మా ఆఫీసులో నామర్దా. ఆ ఖాళీ నన్ను పీక్కుతినేసింది. చూడండి, అత్తయ్య ప్రయాణం నా కళ్ళముందు ఉండాల్సింది, ఉన్నది రెండు వేళ్ళ ఖాళీ.

నింపడానికి ఇంకో రెండు అభ్యంతరాలు కావాలి. పెదనాన్నగారి దగ్గర సరుకు అయిపోయింది. అందుకని నేనే ఆలోచించాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు, అదిగో ఆ కత్తిపీటను నేనే. ఆరోది తేలిగ్గా దొరికింది: మా ఆవు. అది అత్తయ్య చేతికి తప్ప ఎవరికీ పాలివ్వదు, పెద్దమ్మను రెండుసార్లు తన్నింది కూడా. ఏడోదాని కోసం పంచాంగం తిరగేశాను, ఆ రోజుల్లో ఏదైనా గ్రహణమో మూఢమో ఉంటుందేమోనని. గ్రహణం లేదు. కాని మాఘ శుద్ధ నవమి దగ్గర నా వేలు ఆగింది. అది మా తాతగారి తద్దినం. యాత్ర అమావాస్యనాడు మొదలై ఏకాదశికి ముగుస్తుంది, తద్దినం సరిగ్గా వాటి నడుమ పడుతోంది. తద్దినం వంట మడితో చేసేది అత్తయ్య. ఇన్నేళ్ళ కేకల్లో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు! కాలువకు కొత్త గండి కనిపెట్టిన ఓవర్సీరులా సంబరపడిపోయాను. ఏడో పాయ గీసి చివర "తద్దినం" అని తీర్చిదిద్దాను. ఖాళీ నిండింది.

అక్కడే కంపాసు తాతగారు పట్టేసుకున్నారు. వెనక నుంచి వచ్చి నిలబడ్డారు. ఆయనకు ట్రేసింగు గుడ్డ అంటే ప్రాణం. ఆ గుడ్డకు గంజి మెరుగు ఉంటుంది, దాని మీద ఒక్క నీటిచుక్క పడిందా, గంజి కరిగి, సిరా లేచిపోయి, బొల్లిమచ్చలా తెల్లగా మిగిలిపోతుంది. అందుకే ఎండాకాలం మా నుదుటి మీద చెమట పట్టినా చేయి విరుస్తానని కేకలేసేవారు. ఆ రోజు కేకలేయలేదు. నక్షాను చాలాసేపు చూశారు.

"ఏమోయ్, ఇదేం కాలువ?"

సంగతంతా చెప్పాను, మెచ్చుకుంటారని.

"గీత బాగుంది," అన్నారు. "కాని తలుపులేవోయ్?"

"తలుపులేంటండీ?"

"ఇన్ని కాలువలు తవ్వావు, ఒక్కదానికైనా తూము పెట్టావా? కాలువ గీసినవాడు దాన్ని మూసే తలుపు కూడా గీయాలి. లేకపోతే ఊరు మునుగుతుంది." అని చెవిలో పెన్సిలు సర్దుకుని వెళ్ళిపోయారు. అంటే ఒక్కొక్క అభ్యంతరానికీ ఏదైనా జవాబుందా అని చూసి, అక్కడ అడ్డగీత వేయమని. ఆనాడు గచ్చు మీద ఆయన చేసిందీ అదే. నేను మాత్రం గీతలు చూశాను, అడ్డగీతలు చూడలేదు. ముసలాయనకు అసూయ అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆ నక్షాను వీధరుగు మీద పరిచి, మూలల్లో నాలుగు రాళ్ళు పెట్టాను. ముందుగా చూసింది అత్తయ్య. రేవు నుంచి బిందెతో వస్తూ ఆగింది. ఆవిడకు చదువు రాదు. బిందె దూరంగా దింపి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, వంగి చూసింది. చూపుడువేలు గాలిలోనే కదిలిస్తూ ఎర్రగీతలను ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. ఏడు వచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోయింది. అలా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఏడూ వేశావా నాయనా!" అంది. "నా కోసమేనా? ఇది ఆనకట్ట కదూ, మన ఊరు. అయితే ఈ మొదటిది చొల్లంగేనా?" అని 'మడి' దగ్గర చూపించింది. "ఈ చివరిది అంతర్వేదా?" అని 'తద్దినం' దగ్గర వేలు ఆపింది. "పిన్నికి చూపిస్తాను. పడవవాడికి దారి చెప్పక్కర్లేదు ఇంక!"

నాకు నవ్వాగలేదు. పగలబడి నవ్వాను. "ఓసి పిచ్చి అత్తయ్యా! ఇది దారి కాదు. ఆ ఏడూ నువ్వు వెళ్ళకపోవడానికి కారణాలు!"

అత్తయ్య వేలు వెనక్కి తీసుకుంది. "ఏడున్నాయా?" అంది. తరవాత నీలిగీతలకేసి చూసి, "మరి ఇవో?" అంది. "అవి వెళ్ళడానికి." "రెండేనా," అని బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు ఇప్పటికీ అప్పుడప్పుడు నా చెవిలో వినిపిస్తుంది, ఆ వినిపించినప్పుడు నాకు నవ్వు రాదు.

భోజనాలకు ముందు సభ తీరింది. పెదనాన్నగారు, నాన్నగారు, తీర్థాల పిన్ని అరుగు మీద. పెద్దమ్మా అత్తయ్యా తలుపు చాటున. నేను ఆవుపాక నుంచి తెచ్చిన వెదురుపుల్లతో ఒక్కొక్క కాలువా చూపిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాను. మొదటి నాలుగూ తన వాదనలే అంత అందంగా, అంత స్పష్టంగా కనిపించేసరికి పెదనాన్నగారు మురిసిపోయారు. "ఇదిగో, నేను ఎప్పటినుంచీ చెబుతున్నది ఇదే! చూశావా తమ్ముడూ, ఎంత గట్టిగా ఉందో!" అన్నారు. నిజానికి ఆయన నోట ఉన్నంతకాలం అవి అంత గట్టిగా ఎప్పుడూ లేవు. ఆవు దగ్గర అందరూ నవ్వారు. తద్దినం దగ్గరికి వచ్చాను.

పెదనాన్నగారు ఒక్కసారి లేచి నిలబడ్డారు. "అవున్రోయ్! నాన్నగారి తద్దినం! ఇన్నేళ్ళూ నాకు తట్టనేలేదు చూడు. అదొక్కటి చాలు, మిగతావి ఎందుకు?" అన్నారు. ఉప్పులేని పప్పు ఊసే రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక వాదనను మొదలెట్టిన చోటే ముగించడం అదే మొదలు. ఆ ఘనత నాదే.

తలుపు చాటు నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "తద్దినం వంట నేను చూసుకుంటాలెండి. ఈ ఒక్క ఏడూ..."

నేనేమన్నానో తెలుసా? వెదురుపుల్ల ఎత్తి, "పెద్దమ్మా, మధ్యలో మాట్లాడకు. అది ఇందులో లేదు," అన్నాను.

పెదనాన్నగారు తలుపుకేసి తిరిగి, గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టే అన్నారు: "ఏమ్మా, విన్నావుగా. నాన్నగారి తిథి. దాన్ని మించింది ఏముంది?"

"ఏమీ లేదన్నయ్యా," అంది లోపలి నుంచి అత్తయ్య. "వడ్డించేస్తాను, లేవండి."

తీర్థాల పిన్ని అరుగు దిగుతూ నా ముందు ఆగింది. "ఏరా అబ్బాయ్," అంది, "అది యాత్రకు వెళ్ళాలని గీశావా, వెళ్ళకూడదని గీశావా?" నేను వెదురుపుల్ల దింపి నక్షాకేసి చూశాను. అప్పుడు తట్టింది నాకు, సంగతి ఏమైందో. తద్దినానికి తిథి మారదు కదండీ. ఈ ఏడనేముంది, వచ్చే ఏడూ ఆ పై ఏడూ, ఎప్పుడైనా అది అమావాస్యకూ ఏకాదశికీ నడుమే పడుతుంది. ఇన్నాళ్ళూ కేకల్లో కొట్టుకుపోతున్న వాదన అత్తయ్యకు "వచ్చే ఏడు చూద్దాంలే" అన్న మాటనైనా మిగిల్చేది. నా నక్షా ఆ మాటను కూడా తీసేసుకుంది.

సాయంత్రం పెరట్లోకి వెళ్ళాను. అత్తయ్య ఆవు దగ్గర కూర్చుని ఉంది. "అత్తయ్యా, తద్దినం సంగతి నాకు తెలియక..." అని నసిగాను.

"నాకు తెలుసులే నాయనా," అంది. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. "మా నాన్న తిథి నాకు తెలియదా? మీ పెదనాన్నకు గుర్తు రాకూడదని ఏటా ఆ నెలంతా దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని." పాలచెంబు పక్కన పెట్టింది. "ఆ గుడ్డ ఏం చేస్తావు?"

"చింపేస్తాను."

"చింపకు. అంత కష్టపడి వేశావు. నాకియ్యి."

ఇచ్చాను. ఏం చేసుకుంటుందో అడగలేదు. కషాయం వడగట్టుకోవడానికేమో అనుకున్నాను (నా ఊహ అంతదాకానే వెళ్ళింది). ఆ ఏడు పుష్యమాసం వచ్చింది, వెళ్ళింది. అత్తయ్య గుమ్మంలోకి రాలేదు, తలుపు చెక్క గీరలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పెదనాన్నగారికే తోచక, "ఏమ్మా, ఏమైనా అనబోయావా?" అని రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూశారు. "లేదన్నయ్యా," అంది.

తరవాత నాకు బదిలీలు, పెళ్ళీ, పిల్లలూ. ఉద్యోగంలో మెట్లెక్కాను. ఒకరి గీతల మీద గీయడం పోయి, నా గీతల మీద ఇంకొకరు గీసేదాకా వచ్చాను. ఏటా అనుకునేవాణ్ణి, ఈసారి సెలవు పెట్టి వెళ్ళి, ఆవిడను పడవెక్కించి నేనే తీసుకెళ్ళాలని. ఒక ఏడు మార్గశిరంలో ఆవు చచ్చిపోయినప్పుడు అనుకున్నాను. ఇంటికి కోడలు వచ్చి తద్దినం వంటకు మనిషి దొరికినప్పుడు అనుకున్నాను. పెదనాన్నగారు పోయినప్పుడు కూడా అనుకున్నాను, అడ్డు చెప్పేవాళ్ళే లేరు కదా అని. అడ్డు చెప్పేవాళ్ళు లేకపోతే పని ఇంకా సులువుగా వాయిదా పడుతుందని అప్పుడు తెలిసింది. అత్తయ్య ఒక వర్షాకాలంలో, నేను చేరేలోగా, దగ్గుతోనే వెళ్ళిపోయింది. దగ్గు గురించి నాన్నగారు చెప్పింది నిజమే, కాని అది చలికి రాలేదు, ఇంట్లోనే వచ్చింది.

పన్నెండో రోజు వెళ్ళాక ఆవిడ చెక్కపెట్టె తీశాం. రెండు మడిబట్టలు, ఒక తులసిపూస, చిన్నప్పుడు నేను పారేసిన ఒక పలక ముక్క. అడుగున నాలుగు మడతలు పెట్టిన ట్రేసింగు గుడ్డ. విప్పాను. గుర్తుపట్టాను. ఎర్రపాయలు ఏడూ ఉన్నాయి, నా చేతి వంకలన్నీ అలాగే ఉన్నాయి. కాని ఏడింటి చివరా అక్షరాలు లేవు. ఒక్కొక్క చోటా తెల్లటి మచ్చ, రూపాయి బిళ్ళంత. మచ్చ మీద మచ్చ, అంచు మీద అంచు. మడి లేదు, లోకం లేదు, ఆవు లేదు. చివరి పాయ దగ్గరయితే గుడ్డే పల్చబడి చిల్లి పడబోతోంది.

నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చూపు మందగించింది ఆవిడకు. "నీ గుడ్డేనా అది?" అంది. "ఏటా చేసేదిరా. అమావాస్యనాడు రేవు నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, పెరట్లో ఆ గుడ్డ పరుచుకుని కూర్చునేది. మొదటిదాని దగ్గర ఒక చుక్క వేసి, ఆ వేలు తలకు రాసుకునేది. ఆ పాయ అయ్యాక ఇంకోరోజు ఇంకో పాయ. ఏకాదశినాడు చివరిది. 'అంతర్వేది చేరానొదినా' అనేది నాతో. తద్దినంనాడు మాత్రం వంట చేసి, అందరూ తిన్నాక వచ్చి వేసేది. ఒక్క ఏడూ తప్పలేదు."

గుడ్డకు ఆ నాలుగు మడతలూ మళ్ళీ పెట్టాను. అవతలి పక్షం వాదనలన్నీ నీళ్ళలో పోయాయి. ఆవిడ ఒక్క మాట కూడా తిరిగి వాదించకుండా, నేను పెట్టని తలుపులు తనే పెట్టుకుంది, చుక్కకొకటి.

ఇప్పుడు నేను పింఛను పుచ్చుకునే ముసలివాణ్ణి. సప్తసాగర యాత్ర నేనూ చేయలేదు. మా మనవలు ఏదైనా విషయం మీద అరుచుకుంటుంటే, "తాతయ్యా, నువ్వు గీసి చూపించవూ, నీకు బాగా వచ్చటగా!" అని కాగితం తెచ్చి ముందు పెడతారు. గీస్తాను. గీసి, అందరికన్నా తక్కువ మాట్లాడిన పిల్లను దగ్గరికి పిలిచి, "నీకేం కావాలే?" అని అడిగి, ఆ మాట అన్నిటికన్నా పైన రాస్తాను. "అది కారణం కాదు తాతయ్యా!" అని పెద్దవాడు ఎగురుతాడు. అచ్చం నా గొంతే. వాణ్ణి తిట్టబోయి నవ్వేస్తాను. తిట్టాలంటే ఆ ఇరవై ఏళ్ళవాణ్ణే తిట్టాలి, వాడు ఆదివారం పొద్దున్న అరుగు మీద వెదురుపుల్ల పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, పాపం, వాడికి ఇంకా తెలియదు.

ఆ గుడ్డ నా దగ్గరే ఉంది. కంపాసు తాతగారు చూసి ఉంటే ఆ మచ్చలకు చేయి విరిచేవారు. కాని నా ఉద్యోగం అంతటిలో ఎన్ని వందల నక్షాలు గీశానో నాకే తెలియదు, వాటన్నిటిలోనూ నీళ్ళు చివరిదాకా చేరింది ఆ ఒక్కదానిలోనే.